కత్తి కంటే ముందు ముక్క పరీక్ష

కలిదిండి, కైకలూరు, ముదినేపల్లి వైపు నలభై ఏళ్ల ఆడమనిషి తెల్లబట్ట అవుతోందనో, ముట్టు తొందరగా తగ్గడం లేదనో చెబితే మొదట వినిపించే సలహా "గర్భసంచి తీయించేసుకో, లేకపోతే క్యాన్సర్ అవుద్ది" అని. ఆ మాట అనేది ఊళ్లో ఆర్‌ఎంపీ కావచ్చు, ఇంట్లో వదిన కావచ్చు, ఒక్కోసారి పట్నంలో డాక్టరే కావచ్చు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 8.9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తానికి ఆ లెక్క 3.2 శాతమే. తర్వాతి సర్వే, అంటే 2019-21 నాటిది, ఇంకో సంగతి చెప్పింది. మన రాష్ట్రంలో 30 నుంచి 49 ఏళ్లవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం ఎప్పుడైనా ఒక్కసారి పరీక్ష చేయించుకున్నవాళ్లు 4.7 శాతం. రెండు లెక్కల ఏళ్లూ వయసులూ ఒకటి కావు గానీ, పరీక్ష కంటే కత్తే మన ఆడవాళ్లకు ముందు అందుతోందని అర్థం కావడానికి అవి చాలు.

ఆ సలహాలో మొదటి తప్పు అందరికీ తెలిసిందే. తెల్లబట్టలో ఎక్కువ భాగం మందులతో పోయే ఇన్‌ఫెక్షనే. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చి, కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది కూడా. రెండో తప్పు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ మనిషికి నిజంగానే క్యాన్సర్ ఉండి ఉంటే, మామూలుగా చేసే గర్భసంచి ఆపరేషన్ ఆ జబ్బుకు సరిపోదు. పైగా తర్వాత చేయాల్సిన వైద్యాన్ని చిక్కుల్లో పడేస్తుంది. ముఖద్వార క్యాన్సర్లలో అడినోస్క్వామస్ అనే రకం విషయంలో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. శస్త్రచికిత్సతో ఎవరు బతికారు, ఎంతకాలం బతికారు అన్నదాని మీద నూరేళ్లకు పైగా పోగైన జ్ఞానాన్ని ఈ రకాన్ని మధ్యలో పెట్టుకుని ఒకసారి చూడాలి.

గర్భాశయ ముఖద్వారం బయటి వైపు చర్మం లాంటి పొలుసు కణాలు పరుచుకుని ఉంటాయి. లోపలి సన్నటి దారిలో జిగురు స్రవించే గ్రంథి కణాలుంటాయి. రెండూ కలిసే సరిహద్దులోనే జబ్బు మొదలవుతుంది. పొలుసు కణాల్లో పుడితే స్క్వామస్, గ్రంథి కణాల్లో పుడితే అడినో, ఒకే గడ్డలో రెండు లక్షణాలూ ఉంటే అడినోస్క్వామస్. ముఖద్వార క్యాన్సర్లలో ఎక్కువ భాగం మొదటిదే. మూడోది నూటికి ఐదారు మించదు. దాదాపు అన్నిటికీ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్ బృందం 1983లో 16వ రకాన్నీ, మరుసటేడు 18వ రకాన్నీ క్యాన్సర్ ముక్కల్లోంచి వేరుచేసింది. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. స్క్వామస్‌లో 16వ రకం పైచేయిగా ఉంటే, అడినో, అడినోస్క్వామస్ గడ్డల్లో 18వ రకం వాటా బాగా పెరుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ వైరస్ రకాల మీద 2005లో ప్రచురితమైన అధ్యయనంలో ఇక్కడి క్యాన్సర్లలో దాదాపు మూడింట రెండు వంతులు 16వ రకానివేనని తేలింది. అయితే ఆ అధ్యయనం తీసుకున్నవి స్క్వామస్ గడ్డలు మాత్రమే. గ్రంథి కణాల గడ్డలను ఇలా పక్కన పెట్టడం ముందుముందు ఇంకా కనిపిస్తుంది.

గ్రంథి కణాల జబ్బుతో పెద్ద చిక్కు అది దాక్కునే చోటు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముఖద్వారానికి పలచని వెనిగర్ ద్రావణం రాసి తెల్లమచ్చ కోసం చూసే పరీక్ష ఉంది. 2016లో కేంద్రం ఇచ్చిన పద్ధతి ప్రకారం 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు ఐదేళ్లకోసారి చేయాలి. చవకైనది, అక్కడికక్కడే ఫలితం తెలుస్తుంది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో ఈ పరీక్ష వల్ల మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో రుజువైంది కూడా. కానీ అది కంటికి కనిపించే చోటినే చూస్తుంది. లోపలి దారిలో ఉన్న గడ్డ దానికి అందదు. ముఖద్వారం నుంచి కణాలు గీరి చూసే పాప్ స్మియర్ కూడా పైపైన తీస్తే ఇంతే, బ్రష్ లోపలిదాకా వెళ్లాలి. పాశ్చాత్య దేశాల్లో దశాబ్దాల తరబడి పాప్ పరీక్షలు చేశాక స్క్వామస్ బాగా తగ్గింది, అడినో జాతి అంతగా తగ్గలేదు. దాంతో మొత్తంలో దాని వాటా 20, 25 శాతానికి ఎగబాకింది. వైరస్ పరీక్షకు ఈ బలహీనత తక్కువ. గడ్డ ఎక్కడ దాక్కున్నా చాలావరకు వైరస్ జాడ దొరుకుతుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా 31 వేలమంది మహిళల మీద జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, జీవితంలో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష ఈ క్యాన్సర్ మరణాలను దాదాపు సగానికి తగ్గించింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటింటికీ వెళ్లి నోటి, రొమ్ము, ముఖద్వార క్యాన్సర్లను వెతికే కార్యక్రమం మొదలుపెట్టింది. నా అభిప్రాయంలో ఆ కార్యక్రమానికి వైరస్ పరీక్ష తోడు కానంతవరకు ఈ దొంగ గడ్డలు దొరకవు.

ఇక ఆపరేషన్ సంగతి. 1898 నవంబరులో వియన్నాలో ఎర్న్‌స్ట్ వెర్ట్‌హైమ్ అనే డాక్టరు ఈ క్యాన్సర్‌కు విస్తృత శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. గర్భసంచి ఒక్కటే తీసి ఊరుకోకుండా, దాన్ని కటి గోడకు పట్టి ఉంచే పక్క కండనూ, యోని పైభాగాన్నీ, లింఫు గ్రంథులనూ కలిపి తీసేవాడు. ఆయన మొదటి 500 కేసుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు ఆపరేషన్ వల్లే పోయారు. యాంటీబయాటిక్స్ లేవు, రక్తం ఎక్కించడం తెలియదు. అందుకే రేడియం రాగానే చాలామంది కత్తిని పక్కన పెట్టారు. మళ్లీ 1940లలో బోస్టన్‌లో జో మీగ్స్ దాన్ని బతికించాడు. మన దేశంలో కలకత్తా డాక్టరు సుబోధ్ మిత్ర యోని మార్గం నుంచి ఇదే విస్తృత ఆపరేషన్ చేసే పద్ధతిని తీర్చిదిద్దారు. అది ప్రపంచంలో మిత్రా ఆపరేషన్‌గానే పేరు తెచ్చుకుంది. 

ఈ విస్తృత ఆపరేషన్‌కూ, మన నర్సింగ్ హోమ్‌లో గంటలో అయిపోయే గర్భసంచి ఆపరేషన్‌కూ పేరులో తప్ప పోలిక తక్కువ. పెద్ద ఆపరేషన్‌లో సర్జన్ మూత్రనాళాన్ని చుట్టూ ఉన్న కండలోంచి విడదీసి పక్కకు తప్పించి, ఆ కండను తీయాలి. మూత్రాశయానికి వెళ్లే నరాలు అక్కడే ఉంటాయి. అందుకే తర్వాత కొన్ని వారాలు మూత్రం సరిగా రాకపోవడం మామూలు. మామూలు ఆపరేషన్‌లో ఆ కండ జోలికే వెళ్లరు. క్యాన్సర్ ఉన్నదని తెలియక మామూలు ఆపరేషన్ చేస్తే, కోత గడ్డ మధ్యలోంచే పోవచ్చు. మిగిలిన కణాలు కటిలో ఉండిపోతాయి. తర్వాత మళ్లీ కోయాలంటే కుట్లు పడి అతుక్కుపోయిన చోట మూత్రనాళాన్ని వెతుక్కోవాలి. కరెంటు పెట్టాలన్నా, అంటే రేడియేషన్ ఇవ్వాలన్నా, లోపలి నుంచి ఇచ్చే కరెంటుకు పట్టుగా నిలిచే గర్భసంచి ఉండదు. మూత్రాశయం, పేగు గడ్డ ఉన్న చోటికి జారి ఉంటాయి. తీసిన గర్భసంచిని ఫార్మలిన్‌లో వేసి పరీక్షకు పంపకపోతే పరిస్థితి ఇంకా ఘోరం. ఏడాదికో రెండేళ్లకో రక్తస్రావంతో వచ్చేదాకా జబ్బు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. గర్భసంచి లేదు కాబట్టి ఇక క్యాన్సర్ రాదన్న ధీమాతో ఆమె మొదటి నెలల్లో డాక్టరు దగ్గరికే వెళ్లదు.

కాబట్టి ముందు ముక్క పరీక్ష. ముఖద్వారం నుంచి చిన్న ముక్క, అనుమానముంటే లోపలి దారి నుంచి గీరిన ముక్క. ఏలూరులో గానీ విజయవాడలో గానీ నాలుగైదు రోజుల పని. ఆ కాగితం మీద మూడు సంగతులు ఉండాలి: క్యాన్సర్ ఉందా లేదా, ఏ రకం, ఎంత ముదురు. దాని తర్వాత లోపలి పరీక్ష, ఎంఆర్ఐ చేసి దశ తేలుస్తారు. గడ్డ ముఖద్వారానికే పరిమితమై నాలుగు సెంటీమీటర్ల లోపు ఉంటే విస్తృత ఆపరేషన్. పక్క కండలోకి పాకినా, కటి గోడను తాకినా, లింఫు గ్రంథుల్లో కనిపించినా రేడియేషన్, దానితోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు సెలైన్.

తొలి దశలో కత్తీ, కరెంటూ సమానమేనా? ఇటలీలో 1986 నుంచి 1991 దాకా 343 మందిని రెండు వర్గాలుగా చీల్చి చూశారు. 1997లో వచ్చిన ఫలితాల్లో ఐదేళ్లు బతికినవాళ్లు రెండు వైపులా 83 శాతమే. ఆపరేషన్ వర్గంలో చాలామందికి తర్వాత రేడియేషన్ కూడా ఇవ్వాల్సి రావడంతో తీవ్రమైన ఇబ్బందులు 28 శాతం మందికి వచ్చాయి. రేడియేషన్ వర్గంలో 12 శాతం. అయితే గ్రంథి కణాల క్యాన్సర్ ఉన్న చిన్న గుంపులో తేడా కనిపించింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 70 శాతం, రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 59 శాతం. గుంపు చిన్నది కాబట్టి దాన్ని వేదవాక్యంగా తీసుకోకూడదు. అయినా ఈ రకం గడ్డలు ఒట్టి రేడియేషన్‌కు అంత తేలిగ్గా లొంగవన్న అనుమానం అప్పటినుంచీ డాక్టర్ల మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అడినోస్క్వామస్ వచ్చిన మనిషి మిగతావాళ్ల కంటే తక్కువ కాలం బతుకుతుందా? అమెరికా గైనిక్ క్యాన్సర్ డాక్టర్ల బృందం 1996లో, తొలి దశలో ఆపరేషన్ చేసిన కేసులన్నీ తిరగేసి, అవునంది. అడినో రోగులు స్క్వామస్ రోగులతో సమానంగానే ఉన్నారు, మిశ్రమ రకం వాళ్లే వెనకబడ్డారు. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో కొన్ని తేడా లేదన్నాయి. కొన్ని ముదిరిన దశల్లో మాత్రమే తేడా ఉందన్నాయి. ఎందుకిలా? ఒక కారణం లెక్కలోనే ఉంది. ఏ ఆసుపత్రిలోనైనా ఈ కేసులు పదుల్లోనే పోగవుతాయి. రెండో కారణం సూక్ష్మదర్శిని కింద ఉంది. పాతరోజుల్లో స్క్వామస్ గడ్డలో అక్కడక్కడా జిగురు చుక్కలు రంగు పట్టి కనిపిస్తే దాన్ని కూడా అడినోస్క్వామస్ అనేవారు. ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం గ్రంథులు స్పష్టంగా కనపడాలి. అంటే 1980ల అధ్యయనంలో ఉన్న ఆడవాళ్లూ, 2020 తర్వాతి అధ్యయనంలో ఉన్న ఆడవాళ్లూ ఒకే జబ్బు వాళ్లు కాకపోవచ్చు. మూడోది, ఈ గడ్డలు కనిపెట్టేసరికే తరచూ ముదురు కణాలతో, రక్తనాళాల్లోకి పాకి, లింఫు గ్రంథుల్లోకి చేరి ఉంటాయి. ఆయుష్షు తగ్గేది పేరు వల్లా, ఈ తోడు లక్షణాల వల్లా అన్నది విడదీయడం కష్టం. నా మట్టుకు గడ్డ చిన్నదై, లింఫు గ్రంథులు శుభ్రంగా ఉంటే పెద్దగా భయపడక్కర్లేదనీ, ఆ రెండిటిలో ఏది తప్పినా ఈ పేరును తేలిగ్గా తీసుకోకూడదనీ తోస్తుంది.

దీనికి బలమిచ్చే ఫలితాలు ఆపరేషన్ తర్వాతి వైద్యం మీద జరిగిన పరీక్షల్లో ఉన్నాయి. గడ్డ పెద్దదై, లోతుకు పోయి, లింఫు గ్రంథులు మాత్రం శుభ్రంగా ఉన్న 277 మందిని అమెరికాలో పరిశీలించారు. ఆపరేషన్ తర్వాత ఊరుకున్న వర్గంలో అడినో, అడినోస్క్వామస్ రోగులకు 44 శాతం మందిలో జబ్బు తిరగబెట్టింది. రేడియేషన్ ఇచ్చిన వర్గంలో 8.8 శాతం మందిలోనే. 2006లో వచ్చిన ఈ అంకెలు చూశాక, ఈ రకం రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆపరేషన్ అయిపోయింది కదా అని ఇంటికి పంపడం సాహసమే. లింఫు గ్రంథుల్లో గానీ, కోత అంచుల్లో గానీ, పక్క కండలో గానీ జబ్బు కనిపిస్తే రేడియేషన్‌కు తోడు కీమో మందు కూడా ఇవ్వాలని 2000లో తేలింది. నాలుగేళ్లకు 71 శాతం బతికేచోట 81 శాతం బతికారు. సిస్‌ప్లాటిన్ కలిపి ఇచ్చిన పాత పరీక్షలన్నీ పోగుచేసి 2014లో చూస్తే ఇంకో మంచి సంగతి బయటపడింది. ఒట్టి రేడియేషన్‌తో వెనకబడ్డ అడినో, అడినోస్క్వామస్ రోగులు, మందు కలిపితే స్క్వామస్ వాళ్లతో సమానంగా నిలిచారు.

మన దేశపు రెండు గొప్ప పరీక్షలు మాత్రం వీళ్లను బయటే ఉంచాయి. రెండూ ముంబయి టాటా మెమోరియల్‌వి, రెండూ 2018లో వచ్చాయి. ఒకటి 850 మందితో, ముదిరిన మూడో దశలో రేడియేషన్‌కు సిస్‌ప్లాటిన్ కలిపితే ఐదేళ్లు బతికేవాళ్లు 46 నుంచి 54 శాతానికి పెరుగుతారని చెప్పింది. రెండోది 635 మందితో, ముందు కీమో ఇచ్చి గడ్డ కుంచించాక ఆపరేషన్ చేయడం కంటే నేరుగా కీమో రేడియేషనే మేలని చూపింది. ఈ రెండో పాఠం మన వైపు ఇంకా పూర్తిగా చేరలేదు. పెద్ద గడ్డకు రెండు మూడు కీమోలు ఇచ్చి తర్వాత కోద్దామనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. రెండు పరీక్షల్లోనూ తీసుకున్నది స్క్వామస్ వాళ్లనే. శాస్త్రపరంగా దానికి కారణముంది, కలగాపులగం చేస్తే ఫలితం మసకబారుతుంది. కానీ మిశ్రమ గడ్డ ఉన్న తెలుగు ఆడమనిషికి వైద్యం నిర్ణయించే డాక్టరు పరాయి దేశపు లెక్కల మీదే ఆధారపడాలి.

చిన్న రంధ్రాల ఆపరేషన్ గురించి గట్టిగా చెప్పాలి. కీహోల్ అనీ, రోబో అనీ పట్నంలో హోర్డింగులు చూస్తూనే ఉన్నాం. పిత్తాశయం తీయడానికి బ్రహ్మాండమైన పద్ధతే. ముఖద్వార క్యాన్సర్‌కు మాత్రం కాదని 2018లో తేలిపోయింది. 631 మందితో చేసిన అంతర్జాతీయ పరీక్షలో కడుపు తెరిచి చేసినవాళ్లలో నాలుగున్నరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 96.5 శాతం, చిన్న రంధ్రాలతో చేసినవాళ్లలో 86 శాతం. ఈ పరీక్షలో అడినోస్క్వామస్ వాళ్లకూ చోటిచ్చారు. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే పరీక్షను మధ్యలోనే ఆపేశారు. పొడుగాటి కుట్టు చూసి పాత పద్ధతి అనుకోవద్దు, ఈ ఒక్క జబ్బులో పాత పద్ధతే ప్రాణం నిలిపేది. ఇంకో వైపు, 2024లో వచ్చిన పరీక్ష కొంతమందికి చిన్న ఆపరేషనే చాలని చెప్పింది. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, లోతుకు పోని 700 మందిలో, మామూలు గర్భసంచి ఆపరేషన్ చేసినవాళ్లకు మూడేళ్లలో 2.52 శాతం మందికి, విస్తృత ఆపరేషన్ చేసినవాళ్లకు 2.17 శాతం మందికి కటిలో తిరగబెట్టింది. తేడా లేనట్టే. మూత్రం బాధలు మొదటి వర్గంలో తక్కువ. అయితే వాళ్లందరికీ ముందే ముక్క పరీక్ష, కొలత, లింఫు గ్రంథుల పరిశీలన అయ్యాయి. ఈ ఫలితాన్ని మన నర్సింగ్ హోమ్ ఆపరేషన్‌కు సమర్థనగా వాడుకుంటే అన్యాయం.

చిన్న వయసువాళ్లలో అండాశయాలు ఉంచాలా అన్నది మరో సందేహం. తొలి దశలో స్క్వామస్ అండాశయానికి చేరేది 0.5 శాతం, అడినో 1.7 శాతం అని పాత అమెరికన్ లెక్క. ఈ మాట డాక్టరుతో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి.

మిగతా అవయవాల్లో అడినోస్క్వామస్ అనే ఇదే పేరున్న గడ్డల నడవడి ఒకేలా ఉండదు. క్లోమం క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి నుంచి నాలుగు, తీసేసినా ఏడాది దాటడమే కష్టం. ఊపిరితిత్తుల్లో వస్తే, ముఖ్యంగా పొగ తాగని ఆసియా మహిళల్లో, ఈజీఎఫ్ఆర్ అనే జన్యుమార్పు ఉందేమో చూడాలి, ఉంటే మాత్రలు పనిచేస్తాయి. రొమ్ములో ఇదే పేరుతో వచ్చే తక్కువ తీవ్రత రకం మాత్రం నెమ్మదిగా పెరిగి, పూర్తిగా తీసేస్తే చాలావరకు నయమవుతుంది. పేరు చూసి బెంబేలెత్తకుండా, ఏ అవయవమో అడగాలి.

ఇన్ని అంకెలు చెప్పాక మన దగ్గరి అంకె ఒకటి. దేశంలోని పదకొండు క్యాన్సర్ రిజిస్ట్రీల్లో 2012 నుంచి 2015 మధ్య నమోదైన ముఖద్వార రోగుల్లో ఐదేళ్లు బతికినవాళ్లు 51.7 శాతం. త్రిపురలో 31.6. ఇటలీ 83కీ, ఈ 51కీ మధ్య తేడా గడ్డ రకం వల్ల వచ్చింది కాదు. అక్కడ లెక్కించింది తొలి దశ వాళ్లను, ఇక్కడ లెక్కించింది అన్ని దశల వాళ్లను, మనవాళ్లలో ఎక్కువమంది ఆలస్యంగా వస్తారు. వైద్యం పూర్తి కాకపోవడం కూడా ఉంది. రేడియేషన్ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు వారాలు, తర్వాత లోపలి నుంచి ఇచ్చేది మూడు నాలుగు సార్లు, మొత్తం ఎనిమిది వారాల్లో అయిపోవాలి. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. లోపలి నుంచి ఇచ్చే ఈ పద్ధతిలో పేరు తెచ్చుకున్న డాక్టర్ నోరి దత్తాత్రేయుడు కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి న్యూయార్క్‌లో ఎదిగారు. కలిదిండి ఆడమనిషికి మాత్రం మిషన్ ఉన్నది విజయవాడలోనో గుంటూరులోనో. ప్రభుత్వ ఆరోగ్య పథకం వైద్యం ఖర్చు పెడుతుంది, రెండు నెలల గది అద్దె పెట్టదు. మొగుడు రొయ్యల చెరువు మీద కాపలా వదిలి రాలేడు. కొల్లేరు పొంగితే ఏలూరు రోడ్డు మునిగి రాకపోకలే ఆగిపోతాయి. కోర్సు మధ్యలో ఆగేది ఇలాంటి చోట్లే. మంచి వార్త ఏమిటంటే, రేడియేషన్‌కు ముందు ఆరు వారాలపాటు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఇస్తే ఐదేళ్లు బతికేవాళ్లు 72 నుంచి 80 శాతానికి పెరిగారని 2024లో 500 మంది పరీక్ష చెప్పింది. మిశ్రమ రకం వాళ్లు కూడా ఇందులో ఉన్నారు. రెండూ పాత మందులే, చవకే. పెంబ్రోలిజుమాబ్ లాంటి కొత్త మందులూ మేలు చేస్తున్నాయి గానీ వాటి ధర మన పల్లెకు అందేది కాదు.

టీకా విషయంలో తెలుగు నేలకు చేదు చరిత్ర ఉంది. 2009లో పక్కనున్న ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేలమంది పదినుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు చనిపోవడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టిన తీరును విచారణా, 2013లో పార్లమెంటు సంఘమూ తప్పుబట్టాయి. తప్పుబట్టడం సబబే. ఆ ఆపివేతే దేశంలో వేరేచోట్ల నడుస్తున్న మరో టీకా పరీక్షను కూడా మధ్యలో నిలిపింది. దాంతో దాదాపు ఐదు వేలమంది పిల్లలకు రెండుకో మూడుకో బదులు ఒక్క డోసే పడింది. పదేళ్లు వాళ్లను గమనిస్తే ఆ ఒక్క డోసే 16, 18 రకాల మొండి ఇన్‌ఫెక్షన్‌ను 95 శాతం ఆపినట్టు 2021లో తేలింది. కంటికి దొరకని గ్రంథి కణాల గడ్డను పుట్టకముందే ఆపగలిగేది ఈ టీకా ఒక్కటే. ఖమ్మంలో ఆనాడు టీకా వేయించుకున్న పిల్లలు 2025కూ 2029కూ మధ్య 30 ఏళ్లు నిండి, పరీక్ష చేయించుకునే వయసుకు వస్తారు. వాళ్ల పేర్లు, డోసుల లెక్కలు వెతికి తీయాలి. ఈసారి వాళ్లనే అడిగి, వాళ్ల సంతకంతోనే హెచ్‌పీవీ పరీక్ష చేస్తే, 18వ రకం మన ఆడవాళ్లలో ఎంత తగ్గిందో ముంబయినీ, ఇటలీనీ అడగకుండా మన లెక్క మనకే దొరుకుతుంది.